దాలయ్యకి ఇద్దరు సాక్షులు

ప్రయాణం 209వ రోజు

గాలి నైరుతి, ఓ మోస్తరు. సముద్రం ప్రశాంతం. తుప్పు నిన్నటికంటే కొంచెం ఎక్కువ.

ఈ పుస్తకంలో రోజూ చేత్తో, నీలం సిరాతో రాయాలని కంపెనీ నియమం. యంత్రం రాసిన లాగ్‌ని ఇప్పుడు ఏ రేవూ నమ్మదు. మా ‘మహేంద్రతనయ’ని నడిపేది యంత్రమే. తెరచాపలు తిప్పేదీ, దారి చూసుకునేదీ అదే. మనిషి అవసరమయ్యే పనులు మూడే మిగిలాయి: తుప్పు గీకడం, ఇంజను తుడవడం, అన్నం వండటం. మొదటిది నాది. కొర్లాపు లోకనాథం, సరంగు, వయసు యాభై రెండు. సరంగంటే కళాసీలందరికీ పెద్ద. ఈ ఓడలో కళాసీలు లేరు గనక నాకు నేనే పెద్దని, నా మాట నేనే వినను.

వంట దాలయ్యది. అరవై ఒకటి దాటాడు. నేనూ అతనూ పదకొండేళ్ళుగా ఒకే ఓడలో తిరుగుతున్నాం. ఇంజను మార్తమ్మది. ఆవిడది కాకినాడ, ఈ ప్రయాణంలోనే ఎక్కింది. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఆవిడ నన్ను చూసే తీరు తుప్పు పట్టిన నట్టుని చూసినట్టు ఉంటుంది.

ఇంకో ఐదు రోజుల్లో మధ్యరేవు. నాచు బేళ్ళు దింపాలి. దాలయ్యకి మాత్రం నాచు సంగతి పట్టడం లేదు. అతని కూతురు గౌరీశ్వరి అక్కడ క్రేను నడుపుతోంది. దక్షిణాన మంచు గనులకి వెళ్ళే ఓడలో పేరు రాయించుకుంది. ఆ ఓడ వచ్చే శుక్రవారం మధ్యాహ్నం బయల్దేరుతుంది, ఆరేళ్ళకి గానీ తిరిగి రాదు. తండ్రీ కూతుళ్ళు ఒకరినొకరు చూసి నాలుగేళ్ళయింది. మంచు ఓడ ఎక్కేవాళ్ళని వారం ముందు నుంచీ గేటు దాటి బయటికి రానివ్వరు. అంటే దాలయ్యే గేటు దాటి లోపలికి వెళ్ళాలి.

"ఆరేళ్ళంటే నాకు అరవయ్యేడు లోకనాదం," అన్నాడు ఇవాళ పప్పు వడ్డిస్తూ. "అప్పుటికి నానుంటానో నేదో. ఈపాలి సూసీసుకోవాల."

"ఎందుకుండవు, నూరేళ్ళుంటావు," అన్నాను. మాటలు ఖర్చు లేనివి కదా, అందుకే నేను ధారాళంగా వాడతాను.

ప్రయాణం 211వ రోజు

గాలి అలాగే ఉంది. కుడివైపు రెయిలింగు సగం గీకాను. మిగతా సగం నన్ను చూసి నవ్వుతోంది.

ఇవాళ చెప్పుకోలు. రేవు దగ్గరపడ్డప్పుడు ఏ ఓడలోనైనా ఇది జరిగేదే. కాగితాలు పోయి పందొమ్మిదేళ్ళయింది. ఏ ముద్రైనా, ఏ ముఖమైనా, ఏ గొంతైనా ఇంట్లో కూర్చుని నకిలీది చేసుకోగలిగాక రేవులన్నీ విసిగిపోయి, ఇక మనిషికి మనిషే గుర్తింపు అన్నాయి. నేనెవరో నేను చెబితే చెల్లదు. నాతో ఆర్నెల్లు ఉప్పునీళ్ళ మీద తిరిగినవాళ్ళు ఇద్దరు చెప్పాలి. వాళ్ళిద్దరి మాటా నా మాటా కలిస్తే గేటు తెరుచుకుంటుంది. అందుకే రేవుకి ముందు వంటగదిలో కూర్చుని ఒకరి జీవితం ఒకరు అప్పజెప్పుకుంటాం, ఎక్కాలు అప్పజెప్పినట్టు.

నా జీవితం అప్పజెప్పడం చాలా తేలిక. అందులో నేను తిమింగలం వీపు మీద కాలు పెట్టాను, రెండుసార్లు ఓడ మునిగినా బతికాను, ఒక మంత్రిగారి అమ్మాయి నన్ను పెళ్ళి చేసుకుంటానంటే వద్దన్నాను. ఇవేవీ జరగలేదు. కానీ పదకొండేళ్ళుగా అందరికీ ఒకే అబద్ధం ఒకేలా చెబుతున్నాను గనక ఏ గేటు దగ్గరా ఆగలేదు. నిజం చెప్పినవాళ్ళు తడబడి ఆగిపోతుంటే నేను ఈల వేసుకుంటూ దాటేశాను.

దాలయ్య జీవితం కూడా నేనే బాగా చెబుతాను, అతనికంటే బాగా. అందులో అందరూ ఏడ్చే ఘట్టం అతని భార్య తులసమ్మ చావు. ఇరవై రెండేళ్ళ క్రితం తుపాను. దాలయ్య సెలవు మీద ఇంటిదగ్గరే ఉన్నాడు. పట్టపగలే ఊళ్ళోకి నీళ్ళు వచ్చేశాయి. పొడుగైన మనిషి తులసమ్మ, జుట్టు విరబోసుకుని, భయపడకుండా, పిల్లకి వినబడేలా పాట పాడుతూ ఉంది. ఆరేళ్ళ పిల్ల అతని భుజం మీద. ఒక చేత్తో కొబ్బరి చెట్టు, ఇంకో చేత్తో భార్య చెయ్యి. మూడు గంటలు. చివరికి ఒక అల వచ్చింది. "పిల్లనొగ్గకు" అంది, చెయ్యి జారిపోయింది.

చెప్పడం అయ్యేసరికి దాలయ్య ఎప్పట్లాగే తువ్వాలుతో ముఖం ఒత్తుకున్నాడు. మార్తమ్మ లేచి గబగబా బయటికి వెళ్ళిపోయింది. ఇనుములాంటి ఆవిడ చేత కూడా కళ్ళనీళ్ళు పెట్టించగలిగానని చెప్పుకోడానికి సిగ్గుపడుతూనే లోపల మురిసిపోయాను. రాత్రి అన్నం రెండోసారి పెట్టించుకున్నాను కూడా.

ప్రయాణం 214వ రోజు, సోమవారం

మధ్యరేవు. ఉదయం తొమ్మిదికి కట్టాం.

గేటు గదిలో బూడిదరంగు చొక్కా వేసుకున్న ఒక ఆఫీసరమ్మ. ఆవిడ భాష మాకు రాదు, మా భాష ఆవిడకి రాదు. మధ్యలో బల్ల మీద ఒక పెట్టె ఉంది. అది ఆవిడ మాటల్ని తెలుగులోకి తెస్తుంది. ఆ తెలుగు మా తాత కూడా మాట్లాడి ఉండడు.

"తమ సహనావికుని ధర్మపత్ని మరణించిన సందర్భమున అతడు ఎచ్చట నుండెనో తెలుపగలరు," అంది పెట్టె.

నేను ఇంత మంచి శ్రోత దొరికిందని ఊపందుకున్నాను. కొబ్బరి చెట్టు, పాట, అల, అన్నీ. మూడు గంటల్ని నాలుగు గంటలు చేశాను. ఆఫీసరమ్మ ముఖంలో ఏమీ కదల్లేదు. నా తర్వాత దాలయ్య లోపలికెళ్ళాడు, తర్వాత మార్తమ్మ.

అరగంటకి ముగ్గుర్నీ పిలిచారు. పెట్టె ఇలా అంది: "ఇరువురు సాక్షుల వాక్కులు పొసగుట లేదు. ప్రవేశము నిరాకరించడమైనది. డెబ్బది రెండు గంటల పిమ్మట పునర్విచారణ కోరవచ్చును. వాక్కు మార్చు సాక్షి మూడు వత్సరములు సాక్షిగా చెల్లడు."

దాలయ్యకి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని, కూతురి కోసం చేసిన కొబ్బరి ఉండల డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. "ఏటంటన్నాది?" అని నన్నడిగాడు.

"ఇవాళ కాదంట. గురువారం రమ్మంటోంది."

"శుక్కురారం ఓడెల్లిపోద్ది కదా."

"గురువారం వెళ్తే ఒక పూటన్నా దొరుకుతుందిలే," అన్నాను.

మూడేళ్ళు సాక్షిగా చెల్లకపోవడమంటే ఏమిటో ఇక్కడ రాసి ఉంచుతాను. ముగ్గురుండే ఓడలో ఒకడు సాక్ష్యానికి పనికిరాకపోతే మిగతా ఇద్దరూ ఏ రేవులోనూ దిగలేరు. తన గురించి తాను చెప్పిన మాట కూడా చెల్లదు గనక వాడూ దిగలేడు. అలాంటివాడిని ఏ ఓడా ఎక్కించుకోదు. నాకు తుప్పు గీకడం తప్ప ఇంకే పనీ రాదు, అది కూడా అంతంతమాత్రం.

ప్రయాణం 215వ రోజు, మంగళవారం

బేళ్ళు దిగుతున్నాయి. గాలి సంగతి ఎవరికి కావాలి.

పొద్దున్నే ఇంజను గదిలోకి దిగాను. మార్తమ్మ చేతిలో గుడ్డ, ముందు నూనె పళ్ళెం. నేను పెద్దమనిషి తరహాగా గొంతు సవరించుకున్నాను.

"మార్తమ్మ గారూ, మీరేం చెప్పారు అక్కడ?"

"ఉన్నదే చెప్పేనండి. భార్య పోయినప్పుడు దాలయ్య గారు ఓడలో ఉన్నారని."

"మీకెవరు చెప్పారు?"

ఆవిడ చేతులు తుడుచుకుని అరలోంచి ఒక పుస్తకం తీసింది. దాలయ్య రేకు పెట్టెలో ఉండే పాత సీడీసీ, ఓడ పనివాడి గుర్తింపు పుస్తకం. కాగితాల రోజుల్లో సీమన్‌కి అదే ప్రాణం. నేను నా మొదటి పుస్తకం కోసం ఎండలో మూడు రోజులు లైన్లో నిలబడ్డాను. ఫోటోలో నా ముఖం ఏదో నేరం ఒప్పుకుంటున్నట్టు వచ్చింది. ఓడ ఎక్కగానే కెప్టెన్ అందరి పుస్తకాలూ తీసుకుని ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసేవాడు. దిగేటప్పుడు ఎక్కిన తేదీ, దిగిన తేదీ, పని బాగా చేశాడని ఒక ముద్ర వేసి ఇచ్చేవాడు. ఆ పుస్తకానికి ఎవరి మీదా ప్రేమ లేదు, ఎవరి మీదా కోపం లేదు. తేదీలు తప్ప ఏమీ ఎరగదు.

"మీరు ఏడిపించే కథ చెప్పిన రోజున నాకు ఎక్కడో తేడాగా అనిపించి పైకెళ్ళేనండి," అంది మార్తమ్మ. "ఆయన అంతకుముందే ఈ పుస్తకం చూసుకోమని నాకిచ్చేరు. తేదీలు చూసేను. తుపాను నాటికి ఆయన ఓడ ఎక్కి ఐదు నెలలు. దిగింది తుపాను అయిన పందొమ్మిదో రోజు."

అంటే ఆవిడ ఏడవడానికి వెళ్ళలేదన్నమాట. లెక్క చూడటానికి వెళ్ళింది.

"మరి మాతో అనొచ్చు కదా."

"ఇద్దరూ అంత ముచ్చటగా చెప్పుకుంటుంటే మధ్యలో ఎలాగంటానండి. పైగా గేటు దగ్గర అది అడుగుతారో అడగరో. అడిగితే మాత్రం అబద్ధం ఆడలేను. ఈ పెట్టెలూ యంత్రాలూ అబద్ధాలాడుతున్నాయనే కదా మనల్ని అడుగుతున్నారు. మనమూ అదే చేస్తే ఇంక ఎవర్ని అడుగుతారు?"

నేను సిగ్గు విడిచి అడిగేశాను. గురువారం ఆవిడ మాట మార్చుకుంటే ఎలా ఉంటుందని. ఆవిడకి ఇంకా వయసుందనీ, మూడేళ్ళు ఇట్టే గడుస్తాయనీ, నాకు మోకాళ్ళ నొప్పులున్నాయనీ చెప్పాను. ఇదంతా చెప్పిన మనిషిని నేనే. చేతిరాత నాదే, సిరా నీలమే, కొట్టెయ్యడానికి లేదు.

మార్తమ్మ కోప్పడలేదు. "సరంగు గారూ, ఒక్క మాట అడుగుతాను," అంది. "ఆ కొబ్బరి చెట్టు కథ మొదట ఎవరు చెప్పేరు? ఆయనా, మీరా?"

నేను మెట్లెక్కేశాను. ఇవాళంతా రెయిలింగు గీకాను. చెయ్యి పుండయ్యేదాకా గీకాను, అయినా ఆవిడ ప్రశ్న పోలేదు.

ప్రయాణం 216వ రోజు, బుధవారం

చెప్పేశాను.

ముందు ఆ కథ ఎలా పుట్టిందో రాస్తాను. ఎనిమిదేళ్ళ క్రితం ఏదో రేవులో సీమన్ల క్యాంటీన్. పదిహేనుమంది కూర్చున్నాం. నా తిమింగలం ఎవరికీ ఎక్కలేదు. అంతకుముందే ఎవడో నిజంగా తిమింగలాన్ని చూసినవాడు మాట్లాడి వెళ్ళాడు. అందరూ లేచిపోతున్నారు. నాకు జనం లేచిపోవడం కంటే ఓడ మునగడం నయం. పక్కన దాలయ్య ఉన్నాడు. అతని భార్య తుపానులో పోయిందని మాత్రమే నాకు తెలుసు. అతను దాని గురించి ఎప్పుడూ ఇంకో ముక్క చెప్పలేదు. "మా దాలయ్య సంగతి మీకు తెలీదు," అని మొదలెట్టాను. చెట్టు నేనే నాటాను. పాట నేనే పాడించాను. అలని నేనే లేపాను. పదిహేనుమందీ మళ్ళీ కూర్చున్నారు. దాలయ్య ఏడ్చాడు, కాదనలేదు. ఆ తర్వాత ఎవరడిగినా అదే చెప్పాడు. నేను మంచిపనే చేశాననుకున్నాను, నిజంగా అనుకున్నాను.

ఇవాళ పదకొండు గంటలకి వంటగదిలోకి వెళ్ళాను. అతను బీన్సు తరుగుతున్నాడు. నాలుగు రకాలుగా మొదలుపెట్టాను, నాలుగుసార్లూ నీళ్ళు నమిలాను. చివరికి ఉన్నదున్నట్టు అనేశాను.

"దాలన్నా, ఆ రోజు నువ్వు ఊళ్ళో లేవు. ఆ కథ నేను కట్టాను."

కత్తి ఆగింది. "ఏటి?"

"కొబ్బరి చెట్టు, పాట, చెయ్యి జారిపోవడం. అంతా నేనే కల్పించాను. నీ పుస్తకంలో తేదీ ఉంది. నువ్వు పందొమ్మిది రోజుల తర్వాత ఓడ దిగావు."

అతను నా వైపు చూశాడు. కోపం కాదు అది. ఇంటికెళ్ళే దారి మరిచిపోయిన మనిషి చూపు.

"నానక్కడే ఉన్నాను లోకనాదం," అన్నాడు మెల్లగా. "దాని సెయ్యి ఇదిగో, ఈ సేత్తోనే అట్టుకున్నాను."

అతను అబద్ధమాడటం లేదు. ఎనిమిదేళ్ళు రోజూ వాడి వాడి, ఆ చెయ్యి అతనికి నిజంగానే దొరికింది. నేను ఇప్పుడు దాన్ని లాక్కుంటున్నాను.

పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టాను. అతనికి కళ్ళజోడు లేదు. వేలితో ముద్రలు తడుముకుంటూ దగ్గరికి పెట్టుకుని చదివాడు. ఎక్కిన తేదీ. దిగిన తేదీ. పని బాగా చేశాడు, నడవడిక చాలా మంచిది.

స్టవ్ మీద చారు పొంగి మంట ఆరిపోయింది. ఎవరం దింపలేదు.

"ఎరువుల ఓడ," అన్నాడు. "నాలుగు రోజులకి తెలిసినాది నాకు. కెప్టెన్ దగ్గరికెల్లి పుస్తకం ఇచ్చీయండి బావూ, ఎల్లిపోతానన్నాను. నీ బదులు మనిషొచ్చీదాక కుదరదన్నాడు. తాళం ఆడి నడుంకి ఏలాడతన్నాది. పుస్తకం నేకుండా ఒడ్డెక్కితే పారిపోనాడని పట్టుకుంతారు, మరి ఓడెక్కనివ్వరు." పుస్తకం మూసేశాడు. "దిగిపోనాల్సింది. ఏటి సేసుకుంతే సేసుకుంతారని దిగిపోనాల్సింది. పుస్తకం కోసం ఆగిపోనాను. ఇంకో పదేను రోజులు ఉల్లిపాయలు తరుగుతా కూకున్నాను."

జీవితంలో మొదటిసారి నా దగ్గర కలపడానికి ఏమీ లేదు.

"రేపు నేను నా మాట మార్చుకుంటాను," అన్నాను. "నువ్వు కూడా ఇదే చెప్పు, ఎవడి సంగతి వాడు దిద్దుకుంటే శిక్ష లేదు. మూడూ కలుస్తాయి. గేటు తెరుస్తారు."

"ఆ గుంటకేటి సెప్పాల?" అన్నాడు. "ఉత్తరాల్లో రాసీనాను లోకనాదం. మీ అమ్మ సెయ్యి ఒగ్గలేదే అని ఎన్నిమార్లు రాసీనానో. రేపు అద్దం అవతల అది కూకుంతాది. అందరి ముందల సెప్పాలా, నానక్కడ నేనని?" అతని యాసలో ‘లేను’ కూడా ‘నేను’ అవుతుంది.

రెండోసారి విచారణకి ఒడ్డు మీదున్న బంధువుల్ని అద్దం వెనక కూర్చోబెడతారు. వాళ్ళు వినొచ్చు, మాట్లాడకూడదు. ఆ సంగతి నేను మరిచిపోయాను.

"చెప్పకపోతే అద్దం అవతలే ఉండిపోతుంది కదా," అన్నాను.

అతను బీన్సు ముక్కలన్నీ గిన్నెలోకి ఎత్తి, లేచి తన గదిలోకి వెళ్ళిపోయాడు. సాయంత్రం వంట మార్తమ్మ చేసింది. ఎలా ఉందో రాయను, ఆవిడ నా పక్కనే కూర్చుంది.

ప్రయాణం 217వ రోజు, గురువారం

పది గంటలకి గేటు గది. ముందు నన్ను పిలిచారు.

"వాక్కు మార్చదలచితిరా?" అంది పెట్టె.

"మార్చదలచాను," అన్నాను. దాని తెలుగు నాక్కూడా అంటుకుంది.

మొన్న చెప్పింది నేను కల్పించిందనీ, ఆ రోజు దాలయ్య ఓడలో ఉన్నాడనీ చెప్పాను. ఎందుకు కల్పించావని అడిగింది. జనం లేచిపోతున్నారని చెప్పాను. పెట్టె ఆ మాటని ఆవిడ భాషలోకి మార్చడానికి చాలాసేపు తీసుకుంది. ఆఫీసరమ్మ మొదటిసారి నన్ను మనిషిని చూసినట్టు చూసింది. తర్వాత నా పేరు మీద అడ్డంగా ఒక గీత గీసింది. మూడేళ్ళు. ఒక్క గీతే, పక్కన సంతకం. నా లాగ్ పుస్తకం కంటే శుభ్రంగా ఉంది.

మార్తమ్మ మాట ఉన్నదే గనక ఆవిడని కూర్చోమన్నారు. దాలయ్యని పిలిచారు.

అద్దం అవతల గౌరీశ్వరి. ఇరవై ఎనిమిదేళ్ళ పిల్ల. పొట్టి, గట్టి మనిషి, జుట్టు ముడి బిగించి కట్టుకుంది. తండ్రిని చూడగానే లేచి నిలబడింది. దాలయ్య అటు చూడలేదు. బల్ల వైపే చూస్తూ నిలబడ్డాడు. రెండు చేతుల్లో కొబ్బరి ఉండల డబ్బా.

పెట్టె అదే ప్రశ్న అడిగింది. తులసమ్మ పోయినప్పుడు అతను ఎక్కడున్నాడని.

నేను బెంచీ అంచు పట్టుకున్నాను. ఇప్పుడతను కొబ్బరి చెట్టంటే ఇంతే సంగతులు. అనాలనే ఉందతనికి. అతని కుడిచెయ్యి డబ్బా వదిలి గాల్లో ఏదో పట్టుకున్నట్టు ముడుచుకుంది.

"నేనండి," అన్నాడు. "నానక్కడ నేను. ఎరువుల ఓడలో వంట సేస్తన్నాను. దాన్ని నాను పట్టుకోలేదు. పుస్తకం కోసరం ఆగిపోనాను."

అప్పుడు అద్దం మీద చప్పుడైంది. గౌరీశ్వరి పిడికిలితో కొడుతోంది. కాపలా మనిషి వారించాడు. ఆ పిల్ల వినలేదు.

"నాకు తెలుసు నాన్నా," అంది. గోడలోని జాలీలోంచి ఆ గొంతు అందరికీ వినబడింది. "నానక్కడే ఉన్నాను కదా. నువ్వు నేవని నాకు తెల్దేటి?"

దాలయ్య తలెత్తాడు.

"కొబ్బరి సెట్టు నేదు, ఏటీ నేదు. అమ్మ నన్ను బడి మేడ మీదకి ఇసిరీసింది. ఇసురుతా నిన్ను తిట్టింది. అంతే."

"మరి ఉత్తరాల్లో రాస్తంతే ఎప్పుడూ అన్నావు కాదేటే," అన్నాడు దాలయ్య.

"నువ్వున్నట్టు రాస్తంతే బాగుండీది," అంది గౌరీశ్వరి. ఇక ఏడుపు ఆపుకోలేకపోయింది. "సదూకుంతే నువ్వు నిజింగా వచ్చీసినట్టే ఉండీది. అందుకూరుకున్నాను."

పెట్టె ఇదంతా ఆఫీసరమ్మకి చెబుతూనే ఉంది. బంధువు మాటలు చెల్లవని నియమం. ఆవిడ వాటిని వదిలేసి, దాలయ్య మాటా మార్తమ్మ మాటా పోల్చి చూసుకుంది. నా శిక్ష ఈ విచారణ తర్వాతే మొదలు గనక, నా మార్చిన మాటని కూడా పక్కన పెట్టుకుని చదివింది. కలం మూత పెట్టింది.

"ప్రవేశము అనుమతించడమైనది," అంది పెట్టె.

దాలయ్యకి ఈసారి కూడా అర్థం కాలేదు. మార్తమ్మ లేచి వెళ్ళి అతని భుజం పట్టుకుని తలుపు వైపు తిప్పింది. "వెళ్ళండి, తీసేరు," అంది.

తలుపు అవతల ఏం జరిగిందో నేను చూడలేదు. నన్ను గడప దాటనివ్వరు. ఇంకెవరైనా అయితే అక్కడ తండ్రీ కూతుళ్ళు ఎలా కౌగిలించుకున్నారో రాసేవారు. నాకూ చెయ్యి దురదగానే ఉంది. కానీ చూడలేదు, రాయను.

ప్రయాణం 218వ రోజు, శుక్రవారం

మంచు ఓడ మధ్యాహ్నం రెండుంబావుకి కదిలింది. నేను మా డెక్కు మీద నుంచే చూశాను. పెద్ద ఓడ. రెయిలింగులు మా వాటికంటే నున్నగా ఉన్నాయి.

కంపెనీ నుంచి కబురు వచ్చింది. నా జాగాలో కొత్త సరంగు ఎక్కడ దొరికితే అక్కడ నన్ను దింపాలట. దింపడానికి నన్ను ఏ రేవూ రానివ్వదు గదా అని మార్తమ్మ తిరిగి రాసింది. దానికి జవాబు లేదు. ఆవిడ లెక్క ప్రకారం నేను మూడేళ్ళు ఈ ఓడ మీదే తుప్పు గీకుతూ ఉండాలి. "మొదటిసారి పని పూర్తవుతుందేమోనండి," అంది. ఆవిడ వేళాకోళం చేసిందని నాకు గంట తర్వాత తెలిసింది.

మూడు గంటలకి దాలయ్య వచ్చాడు. చేతిలో డబ్బా ఖాళీ. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. వచ్చి నా పక్కన బేళ్ళ తాళ్ళ మీద కూలబడ్డాడు. నన్ను తిడతాడని సిద్ధంగా కూర్చున్నాను. తిట్టినా నేను ఏమీ అననని నిర్ణయించుకున్నాను.

"కతలో తులసమ్మ పొడుగన్నావు కదా," అన్నాడు.

"అవును."

"నా బుజం దాకా రాదు. గుంట నవ్వింది. మాయమ్మ పొట్టి కదా నాన్నా, మరిసిపోనావేటి, అంది. మరిసిపోనాను లోకనాదం. నువ్వు సెప్పిన పొడుగు మనిషే కళ్ళల్లో ఉండిపోనాది. నా పెళ్ళాం ముకం మరిసిపోనాను."

నేను చేసిన పనికి పేరేమిటో అప్పుడు తెలిసింది. "తప్పయిపోయింది దాలన్నా," అన్నాను. ఈ మాట నేను ఇంతకుముందు కూడా చాలాసార్లు వాడాను గానీ, ఆ మాటకి బరువుంటుందని తెలీదు.

అతను తల ఊపాడు. సరే అన్నట్టా కాదన్నట్టా, తెలియలేదు.

"పాట కూడా పాడదది," అన్నాడు. "దానికి పాటలెక్కడివి. ఒట్టి నోరు. సెరువు గట్టు మీంచి తిడితే సేపలు ఎల్లిపోయీవి. ఆ రోజు పిల్లని మేడ మీదకి ఇసురుతా నన్నేటని తిట్టిందని అడిగాను. సెప్పనంటాది. నిన్నంతా అడిగాను. ఇయాళ ఓడెక్కీ ముందల సెవిలో సెప్పింది."

"ఏమంది?"

అతను చెప్పాడు.

అలాంటి తిట్టు నేను యాభై రెండేళ్ళలో ఎక్కడా వినలేదు. ముప్ఫై రేవులు తిరిగినవాణ్ణి, నేనే ఉలిక్కిపడ్డాను. ముందు దాలయ్య భుజాలు కదిలాయి, తర్వాత గొంతు కదిలింది. నవ్వుతున్నాడు. కళ్ళనీళ్ళు కారిపోతున్నాయి, నవ్వు ఆగడం లేదు.

"అదే," అన్నాడు ఊపిరి పీల్చుకుంటూ. "అది తులసమ్మే. ఇంకెవులికీ రాదా తిట్టు. పెళ్ళయిన మూడో రోజునే తిట్టింది నన్నలాగ. సూడు, ముకం కనబడతన్నాది నాకు. ముక్కు పుడక, ఇదిగో ఇక్కడ గాటు, అన్నీ కనబడతన్నాయి."

తర్వాత ఇంకోటి గుర్తొచ్చింది అతనికి, అన్నం మాడినప్పుడు తిట్టేది. ఆ తర్వాత వానలో ఎండుచేపలు తడిసినప్పటిది. ఒక్కొక్కటే బయటికి తీస్తున్నాడు. మార్తమ్మ ఇంజను గది మెట్ల మీద నిలబడి వింటోంది, లోపలికి వెళ్ళడం లేదు.

"రాయి లోకనాదం," అన్నాడు దాలయ్య. "ఎక్కడైనా రాసి ఉంచు. ఏటీ కలపకు."

ఈ లాగ్ పుస్తకంలో అలాంటి మాటలు రాస్తే కంపెనీ ఒప్పుకోదు. నేను వేరే కాగితం తీసుకున్నాను.